వేగవంతమైన స్టోరేజ్ డ్రైవ్ వేస్తే ఆటలో ఫ్రేములు పెరుగుతాయా?

కృష్ణలంక_విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. నా కంప్యూటర్‌లో రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, 12 జీబీ మెమరీ గల ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. విండోస్ 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (కేబుల్‌తో కలిపే, కదిలే భాగాలు లేని డ్రైవ్) మీద ఉంది, ఆటలన్నీ 1 టీబీ హార్డ్ డిస్క్ మీద ఉన్నాయి.

నా ఇబ్బంది ఇది. సైబర్‌పంక్ 2077లో నడుచుకుంటూ తిరిగినంతసేపూ ఆట హాయిగానే సాగుతుంది. బైకెక్కి నగరం మధ్యలోకి వేగంగా వెళ్లేసరికి ఎదురుగా ఉన్న భవనాలు ముందు మైనపు ముద్దల్లా కనిపిస్తాయి, కిటికీలూ బోర్డులూ రెండు మూడు సెకన్ల తరవాత తేరుకుంటాయి, ఆ లోపల బొమ్మ ఒకటి రెండు సార్లు బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది. అప్పుడు కేబినెట్ లోపలి నుంచి హార్డ్ డిస్క్ గరగర మంటూ వినిపిస్తుంది.

ఇక్కడి ఒక దుకాణంలో అడిగితే, సెకనుకు 7,000 మెగాబైట్లు చదివే నాలుగో తరం ఎన్‌వీఎంఈ డ్రైవ్ (మదర్‌బోర్డు మీదే బిగించే, సాటా కంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ) వేసుకుంటే 20 నుంచి 30 ఫ్రేములు పెరుగుతాయని చెప్పారు. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బు అది, ఒక్కసారే ఖర్చు పెట్టగలను. ఆ మాట నిజమేనా? దయచేసి తెలిసినవారు చెప్పండి.

గడియారం

ఆ మాట నిజం కాదు. అయితే మీ ఇబ్బందికీ డ్రైవ్‌కూ సంబంధం లేదని కూడా నేను అనను. ఈ రెండు ప్రశ్నలనూ విడదీస్తే తప్ప మీ డబ్బు సరైన చోటికి చేరదు.

సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తాయన్నది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఒక్కొక్క బొమ్మను ఎంత త్వరగా సిద్ధం చేయగలవన్న దాని మీద ఆధారపడుతుంది. 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో బొమ్మకు 16.67 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. ఆ గడువులో వాడే సరుకంతా, అంటే టెక్స్చర్లు (వస్తువుల పైభాగం మీద కనిపించే బొమ్మలు), ఆకృతులు, కదలికల వివరాలు, అప్పటికే ర్యామ్‌లోనో గ్రాఫిక్స్ కార్డు మెమరీలోనో ఉంటాయి. డ్రైవ్ ఆ వలయంలో లేనే లేదు. పెళ్లి వంటల్లో కొట్టుగది నుంచి బియ్యం బస్తాలు ఎంత వేగంగా మోసుకొచ్చినా పొయ్యి మీద అన్నం ఉడికే సమయం తగ్గదు కదా, ఇదీ అంతే.

అయితే బస్తా రాకముందే గుండిగ ఖాళీ అయితే వంట ఆగిపోతుంది. మీకు జరుగుతున్నది అదే. బైకు మీద వేగంగా వెళ్తున్నప్పుడు ఆటకు తర్వాతి వీధి సరుకు అప్పటికప్పుడు కావాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో కావలసిన చోటు దాన్ని చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది, అంటే 4.17 మిల్లీసెకన్లు. దానికి ముందు ముల్లు ఆ వరుసకు జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఒక్క చిన్న ముక్క తేవడానికే దాదాపు ఒక ఫ్రేము గడువు హరించుకుపోతుంది. వీధి మలుపులో అలాంటి ముక్కలు వందలు కావాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి అదే ముక్క సుమారు ఒక మిల్లీసెకనులో పదో వంతు లోపే వచ్చేస్తుంది. మీరు వింటున్న ఆ గరగర శబ్దం ముల్లు అటూ ఇటూ పరుగెత్తుతున్న చప్పుడే.

కాబట్టి నా జవాబు: సగటు ఫ్రేములు పెరగవు, కుదుపులు తగ్గుతాయి. ఆ తగ్గుదలకు 7,000 మెగాబైట్ల డ్రైవే కావాలా అన్నది వేరే చర్చ.

ఓరుగల్లు_ప్రోగ్రామర్

గడియారం గారు చెప్పినదానికి ప్రోగ్రాం రాసేవాడి వైపు నుంచి ఒక మాట చేరుస్తాను, ఎందుకంటే లోడింగ్ అనగానే అందరూ డ్రైవ్ వైపే చూస్తారు, నాకు అది చాలాకాలంగా బాధ కలిగిస్తున్న విషయం.

లోడింగ్ తెర కనిపిస్తున్నంతసేపూ డ్రైవ్ చదువుతూనే ఉంటుందనుకోవడం పొరపాటు. చదివిన ఫైలు కుదించి ఉంటుంది, దాన్ని విప్పాలి. విప్పినదాన్ని ఆటకు అర్థమయ్యే రూపంలోకి మార్చాలి. గ్రాఫిక్స్ కార్డుకు పంపాలి. పాత్రలనూ వస్తువులనూ ఒక్కొక్కటిగా నిలబెట్టాలి. ఇందులో ఎక్కువ భాగం ప్రాసెసర్ పని, అందులోనూ చాలా ఆటల్లో ఒకే కోర్ మీద వరసగా జరిగే పని.

దీనికి జీటీఏ ఆన్‌లైన్ కంటే మంచి నిదర్శనం నాకు తెలియదు. ఆ ఆట తెరుచుకోవడానికి కొందరికి ఆరు నిమిషాల దాకా పట్టేది, ఏళ్ల తరబడి జనం డ్రైవ్‌నో ఇంటర్నెట్‌నో తప్పుపడుతూ వచ్చారు. 2021లో ఒక ప్రోగ్రామర్ ఓపిగ్గా లోపలికి తొంగిచూస్తే తేలినదేమిటంటే, ఆట సుమారు 10 మెగాబైట్ల జేసన్ ఫైలు (వివరాలను పాఠం రూపంలో రాసి ఉంచే ఫైలు) ఒకదాన్ని చదువుతోంది, అందులో దాదాపు 63,000 వస్తువుల జాబితా ఉంది. ఒక్కొక్క విలువ చదివిన ప్రతిసారీ మిగిలిన పాఠం పొడవెంతో మొదటినుంచి కొలుస్తోంది. ఆపైన ప్రతి వస్తువునూ అప్పటిదాకా చేర్చిన వాటన్నిటితోనూ పోల్చి చూస్తోంది. ఆ రెండు తప్పులు సవరించగానే ఆయన కంప్యూటర్‌లో ఆరు నిమిషాల లోడింగ్ రెండు నిమిషాల లోపుకు వచ్చింది. రాక్‌స్టార్ సంస్థ ఆ సవరణను ఆటలో చేర్చి ఆయనకు 10,000 డాలర్లు బహుమతిగా ఇచ్చింది. ఆ నాలుగు నిమిషాలనూ ప్రపంచంలోని ఏ డ్రైవ్ కూడా తగ్గించగలిగేది కాదు. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేసినట్టు అయ్యేది.

ఒక చిన్న లెక్క చూడండి. హార్డ్ డిస్క్ మీద 60 సెకన్ల లోడింగ్‌లో 45 సెకన్లు చదవడానికీ 15 సెకన్లు ప్రాసెసర్ పనికీ పోతున్నాయనుకుందాం. చదివే పని పది రెట్లు వేగవంతమైతే మొత్తం 19.5 సెకన్లకు దిగుతుంది, అది అద్భుతమే. ఇప్పుడు ఇంకో పది రెట్లు వేగమైన డ్రైవ్ తెచ్చారనుకోండి, 15.45 సెకన్ల దగ్గర ఆగుతుంది. మొదటిసారి 40 సెకన్లు మిగిలాయి, రెండోసారి నాలుగు. ఆ 15 సెకన్ల గోడను డ్రైవ్ దాటలేదు.

డాలస్_తెలుగు

ఇద్దరూ చెప్పింది సరైనదే అయినా, ఇది నిన్నటి ఆటల లెక్క అని నాకు అనిపిస్తోంది. ఆటలు అలా ఉన్నాయంటే అవి హార్డ్ డిస్క్ కోసం రాయబడ్డాయి కాబట్టి.

2020 మార్చిలో ప్లేస్టేషన్ 5 రూపశిల్పి మార్క్ సెర్నీ చేసిన ప్రసంగాన్ని నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ చూస్తుంటాను. మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్ వంటి ఆటలో కొన్ని వస్తువుల వివరాలు హార్డ్ డిస్క్ మీద 400 సార్లు నకలు చేసి పెట్టారని ఆయన చెప్పారు. వీధిలో కనిపించే తపాలా పెట్టె లాంటి చిన్న వస్తువు కోసం ముల్లు దూరం పరుగెత్తకుండా ఉండడానికి, ప్రతి వీధి మూటలోనూ దాని నకలు ఒకటి కట్టేవారన్నమాట. కథానాయకుడు నగరంలో ఎంత వేగంగా ఊగుతూ వెళ్లవచ్చో కూడా డిస్క్ వేగమే నిర్ణయించేది. ఆట రూపకల్పననే అది శాసించిందంటే, దానికి పనితీరుతో సంబంధం లేదని ఎలా అనగలం?

అందుకే ప్లేస్టేషన్ 5లో సెకనుకు 5.5 గిగాబైట్లు చదివే డ్రైవ్ పెట్టారు, దాని పక్కనే కుదించిన సరుకు విప్పడానికి ప్రత్యేకమైన చిప్ భాగం పెట్టారు. ర్యాచెట్ అండ్ క్లాంక్ రిఫ్ట్ అపార్ట్‌లో ఒక లోకం నుంచి ఇంకో లోకంలోకి క్షణంలో దూకే దృశ్యాలు దాని ఫలితమే. కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్, డ్రైవ్ నుంచి సరుకును ఆటకు వేగంగా చేర్చే డైరెక్ట్‌స్టోరేజ్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది, 2022 మార్చిలో మొదటి రూపం, ఆ ఏడాది నవంబరులో గ్రాఫిక్స్ కార్డు మీదే సరుకు విప్పే సదుపాయం వచ్చాయి. 2023 జనవరిలో ఫోర్‌స్పోకెన్ అనే ఆట డైరెక్ట్‌స్టోరేజ్‌ను వాడుకుని మంచి ఎన్‌వీఎంఈ మీద ఒకటి రెండు సెకన్లలో తెరుచుకుంది. తమ్ముడు రేపటి ఆటల కోసం కొనుక్కుంటే తప్పేముంది?

ఓరుగల్లు_ప్రోగ్రామర్

డాలస్ గారూ, మీ ఉత్సాహాన్ని నేను గౌరవిస్తాను, స్పైడర్‌మ్యాన్ ఉదాహరణ నేను కూడా మా జూనియర్లకు చెబుతుంటాను. కానీ మీరు చెప్పిన ఆటలనే తీసుకుందాం.

ర్యాచెట్ అండ్ క్లాంక్ 2023 జూలైలో కంప్యూటర్లకు వచ్చినప్పుడు కనీస అవసరాల్లో హార్డ్ డిస్క్‌నే రాశారు. హార్డ్ డిస్క్ మీద ఆ లోకాల మధ్య దూకుళ్లలో ఆట ఆగి నిలబడుతుంది, నిజమే. సాటా ఎస్‌ఎస్‌డీ మీదకు రాగానే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది, ఎన్‌వీఎంఈ మీద ఇంకొంచెం సాఫీగా ఉంటుంది. ఐదో తరం డ్రైవ్ వేసినందువల్ల నాలుగో తరం మీద కనబడనిది కొత్తగా ఏదీ కనబడదు. ఇక గ్రాఫిక్స్ కార్డు మీద సరుకు విప్పడం ఉచితం కాదు. బొమ్మ గీసే పనీ విప్పే పనీ ఒకే కార్డు మీద పోటీ పడతాయి, కార్డు అప్పటికే నిండా పనిలో ఉంటే ఫ్రేములు తగ్గే అవకాశం కూడా ఉంది.

ఇంకో సంగతి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లోని డ్రైవ్ వేగం సెకనుకు 2.4 గిగాబైట్లు, ప్లేస్టేషన్ 5లో సగం కూడా లేదు. రెండింటి మీదా వచ్చిన అనేక ఆటల లోడింగ్‌లో ఆ నిష్పత్తి ఎక్కడా కనిపించలేదు. డ్రైవ్ అంత తేడాగా ఉన్నా ప్రాసెసర్లు ఇంచుమించు ఒకటే కావడం దానికి పెద్ద కారణం.

గడియారం

నకళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి హెల్‌డైవర్స్ 2 సంగతి చెప్పకుండా ఉండలేను. హార్డ్ డిస్క్ ఉన్నవారి కోసమని సరుకును నకలు చేస్తూ పోవడంతో ఆ ఆట కంప్యూటర్ రూపం 150 జీబీ దాటింది. తరవాత తయారీదారులు కొలిచి చూసుకుంటే, లోడింగ్‌లో ఎక్కువ సమయం యుద్ధభూమిని అప్పటికప్పుడు నిర్మించడానికి పోతోందని, డిస్క్ చదవడం దానితోపాటే పక్కన జరిగిపోతోందని తేలింది. నకళ్లు తీసేసి 2025 డిసెంబరులో సుమారు 23 జీబీ రూపాన్ని విడుదల చేశారు. హార్డ్ డిస్క్ వాడేవారికి కూడా కొన్ని సెకన్లే తేడా వచ్చింది. ఆట తయారుచేసినవారే కొలవకుండా ఊహించి పొరబడ్డారంటే, మనం ఎంత జాగ్రత్తగా కొలవాలో ఆలోచించండి.

పార్క్‌లేన్_మెకానిక్

నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేస్తుంటాను, రోజూ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి దిగే మనిషిని. ఇంతసేపు చర్చ చాలా బాగుంది కానీ ఆ అబ్బాయి కంప్యూటర్‌ను ఎవరూ తెరిచి చూడమనలేదు. నాకు మూడు సంగతులు కావాలి బాబూ.

మొదటిది, మీ 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కా, రెండు స్టిక్కులా? రెండోది, టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని ఆట ఆడండి, కుదుపు వచ్చిన వెంటనే ఆల్ట్, ట్యాబ్ నొక్కి చూసి, మెమరీ ఎంత నిండిందో, హార్డ్ డిస్క్ గ్రాఫు ఎక్కడుందో రాయండి. మూడోది, విండోస్ పేజ్ ఫైల్, అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైలు, ఏ డ్రైవ్ మీద ఉందో చూడండి.

ఇంకో ముఖ్యమైన మాట. బీ450 బోర్డులో ఎం.2 స్లాట్ (ఎన్‌వీఎంఈ డ్రైవ్ బిగించే చోటు) మూడో తరానిది. అందులో 7,000 మెగాబైట్ల డ్రైవ్ పెట్టినా 3,500 దగ్గరే ఆగుతుంది. పెట్టె మీద రాసిన అంకె మీ బోర్డు మీద సగానికి పడిపోతుందన్న సంగతి మీకు దుకాణంలో చెప్పి ఉండాల్సింది.

కృష్ణలంక_విద్యార్థి

మెకానిక్ గారూ, మీరు అడిగినవన్నీ ఈ రాత్రి చూశాను. ర్యామ్ ఒకే స్టిక్కు. కుదుపు వచ్చిన సమయంలో మెమరీ 7.9 జీబీలో 7.6 నిండి ఉంది. హార్డ్ డిస్క్ గ్రాఫు మీద 100 శాతం దగ్గర గీత పైకప్పుకు అతుక్కుపోయి ఉంది. పేజ్ ఫైల్ హార్డ్ డిస్క్ మీదే ఉంది. ఎస్‌ఎస్‌డీ తొందరగా అరిగిపోతుందని ఎక్కడో చదివి నేనే రెండేళ్ల కిందట అటు మార్చాను.

పార్క్‌లేన్_మెకానిక్

అయితే దొంగ దొరికినట్టే, ఒకడు కాదు ఇద్దరు.

ర్యామ్ నిండిపోయినప్పుడు విండోస్ అప్పటికి అక్కరలేదనుకున్న సరుకును పేజ్ ఫైల్‌లోకి దించుతుంది, మళ్లీ కావలసినప్పుడు పైకి ఎక్కించుకుంటుంది. సైబర్‌పంక్ 2.0 వచ్చిన 2023లోనే తయారీదారులు కనీస అవసరాన్ని 12 జీబీ ర్యామ్‌గా మార్చారు, హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ ఉండాలన్నారు. మీకు రెండూ లేవు. పైగా మీ హార్డ్ డిస్క్ ఒకే సమయంలో ఆట అడిగిన వీధిని చదవాలి, విండోస్ దించిన సరుకును రాయాలి, దాన్నే మళ్లీ చదవాలి. పాపం ఆ ఒక్క ముల్లు ఎన్ని చోట్లకని పరుగెత్తుతుంది?

ఎస్‌ఎస్‌డీ అరుగుతుందన్న భయం గురించి కూడా చెబుతాను, ఎందుకంటే ఈ భయంతో ఇలాగే మార్చుకున్నవారు నా బల్ల దగ్గరకు తరచుగా వస్తుంటారు. 240 జీబీ సాటా డ్రైవ్‌లకు చాలా కంపెనీలు 80 టెరాబైట్లకు అటూ ఇటూ రాతలకు హామీ ఇస్తాయి. రోజుకు 20 జీబీ రాసినా 80 టెరాబైట్లు నిండడానికి 4,000 రోజులు, అంటే దాదాపు 11 ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ కంప్యూటర్ మీ ఇంట్లో ఉండదు.

ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా చేయవలసిన పనులు చెబుతాను. పేజ్ ఫైల్‌ను ఎస్‌ఎస్‌డీ మీదకు తీసుకురండి. ఎస్‌ఎస్‌డీ మీద పాత సినిమాలూ ప్రాజెక్టు ఫైళ్లూ ఉంటే హార్డ్ డిస్క్ మీదకు పంపించి సుమారు 100 జీబీ ఖాళీ చేయండి, సైబర్‌పంక్ ఒక్కదాన్నీ స్టీమ్‌లోని తరలింపు సదుపాయంతో అటు మార్చండి. ఆటలో నెమ్మదైన హార్డ్ డిస్క్ కోసం ఉన్న ఎంపిక ఆన్ చేసి ఉంటే ఆపేయండి. తరవాత అదే దారిలో, అదే బైకు మీద, అదే వేగంతో వెళ్లి చూడండి. ముందు ఒకటి మార్చి కొలవండి, ఆ తరవాతే రెండోది మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

భీమిలి_తీరం

ఈ చర్చ చదువుతూ నా అనుభవం కూడా రాయాలనిపించింది. నేను ఎక్కువగా వాలరంట్ ఆడతాను. హార్డ్ డిస్క్ నుంచి సాటాకు, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారాను, రెండుసార్లూ నా ఫ్రేములలో ఏ మార్పూ లేదు. మైదానం మొత్తం ఆట మొదలవకముందే మెమరీలోకి వచ్చేస్తుంది కాబట్టి మధ్యలో డ్రైవ్‌తో పనే ఉండదు. మొదటి మార్పుకు మైదానం త్వరగా తెరుచుకుంది, రెండో మార్పుకు అదీ తెలియలేదు. నేను ముందే సిద్ధమైనా మిగిలిన తొమ్మిదిమంది వచ్చేదాకా ఎదురుచూడవలసిందే. విశాలమైన లోకాల ఆటలకూ ఇలాంటి పోటీ ఆటలకూ డ్రైవ్ అవసరం ఒకటి కాదని కొనేవారికి ఎవరైనా ముందే చెప్పాలి.

మరో సంగతి వేడి గురించి. కొత్త డ్రైవ్‌లు బాగా కాగుతాయి, ముఖ్యంగా ఐదో తరానివి సరైన హీట్‌సింక్ లేకపోతే వేగం తామే తగ్గించుకుంటాయి. మే నెలలో ఏసీ లేని గదిలో, గ్రాఫిక్స్ కార్డు కిందనే ఉన్న స్లాట్‌లో ఆ డ్రైవ్ పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించండి. పెట్టె మీది వేగం చల్లని గదిలో కొలిచినది.

కృష్ణలంక_విద్యార్థి

నాలుగు రోజుల తరవాత రాస్తున్నాను. మెకానిక్ గారు చెప్పినట్టే ఒక్కొక్కటీ మార్చి కొలిచాను. ఫ్రేములు లెక్కపెట్టి చూపే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ తెర మీద పెట్టుకుని, వంతెన మొదటినుంచి మార్కెట్ దాకా ఒకే దారిలో మూడేసి సార్లు వెళ్లాను.

పేజ్ ఫైల్ మార్చగానే పెద్ద కుదుపులు, అంటే బొమ్మ ఒక సెకను పాటు నిలిచిపోయేవి, చాలావరకు పోయాయి. నేను ఇది అస్సలు ఊహించలేదు. ఆటను ఎస్‌ఎస్‌డీ మీదకు తెచ్చాక మైనపు ముద్దల భవనాలు కనిపించడం మానేశాయి, సేవ్ చేసిన ఆట తెరుచుకోవడానికి అంతకుముందు వంటగదిలోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేంత సమయం పట్టేది, ఇప్పుడు కుర్చీ సర్దుకునేలోపు తెరుచుకుంటోంది. సగటు ఫ్రేములు మాత్రం గడియారం గారు చెప్పినట్టు ఉన్నచోటే ఉన్నాయి. చిన్న చిన్న తడబాట్లు జనం ఎక్కువగా ఉన్న చోట ఇంకా మిగిలాయి.

దుకాణం మాట విని ఆ రోజే కొనేసి ఉంటే, కుదుపులు తగ్గినందుకు 7,000 మెగాబైట్లకే దణ్ణం పెట్టేవాణ్ణి.

గడియారం

మీరు ఒకే దారిలో మూడేసి సార్లు కొలిచారు చూడండి, అది నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఇకమీదట సగటుతోపాటు ఒక శాతం కనిష్ఠం అనే అంకెను కూడా రాసుకోండి. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేములు ఎలా ఉన్నాయో అది చెబుతుంది. సగటు 70 ఉండి ఈ అంకె 20 అయితే ఆట కంటికి బాగుండదు. సగటు 60 ఉండి ఇది 50 అయితే హాయిగా ఉంటుంది. డ్రైవ్ ప్రభావం ఎప్పుడైనా కనిపిస్తే ఈ అంకెలోనే కనిపిస్తుంది.

మిగిలిన తడబాట్లకు మీ ఒంటరి స్టిక్కే కారణమని నా అనుమానం. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక స్టిక్కుతో సెకనుకు 25.6 గిగాబైట్ల దారి ఇస్తుంది, రెండు స్టిక్కులైతే 51.2. మనం ఇంతసేపు వాదించుకున్న 7 గిగాబైట్ల డ్రైవ్ పక్కన ఈ అంకెను పెట్టి చూడండి. ప్రతి ఫ్రేములోనూ వాడే దారి ఇది.

డాలస్_తెలుగు

నేను ఒప్పుకుంటున్నాను, ఈ కంప్యూటర్‌కు ముందుగా కావలసింది ర్యామే. నా వాదనలో ఒక భాగాన్ని మాత్రం వదులుకోను. స్టార్‌ఫీల్డ్, బాల్డర్స్ గేట్ 3 వంటివి 2023లోనే ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అని రాశాయి, బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ చోటు అడిగారు. 240 జీబీ డ్రైవ్‌లో విండోస్‌తోపాటు అలాంటి ఆటలు రెండు పట్టవు. అతనికి వేగం కోసం కాకపోయినా చోటు కోసం కొత్త డ్రైవ్ కావాలి. ఎలాగూ కొంటున్నప్పుడు సాటా కాకుండా ఎన్‌వీఎంఈ కొనమంటాను, కేబుళ్ల గొడవ ఉండదు, బోర్డు మారినప్పుడు దానితోపాటు పోతుంది.

ఓరుగల్లు_ప్రోగ్రామర్

దీనితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఎన్‌వీఎంఈ కొనండి, కానీ పెట్టె మీది పెద్ద అంకెకు అదనంగా డబ్బు పెట్టకండి. ఎందుకో చెబుతాను.

డ్రైవ్ వేగం కొలిచే క్రిస్టల్ డిస్క్ మార్క్ నడిపితే మొదటి వరుసలో ఆ 7,000 కనిపిస్తుంది. అది పెద్ద ఫైలును ఏకధాటిగా, అనేక అభ్యర్థనలు ఒకేసారి పంపి చదివిన వేగం. చివరి వరుసలో 4 కిలోబైట్ల చిన్న ముక్కలను ఒకదాని తరవాత ఒకటి చదివిన వేగం ఉంటుంది. పాత ఆటల ప్రవర్తన ఎక్కువగా ఆ చివరి వరుసకు దగ్గరగా ఉంటుంది. అక్కడ హార్డ్ డిస్క్ ఒక మెగాబైటు కూడా దాటదు, మంచి సాటా 30, 40 మధ్య ఉంటుంది, ఎన్‌వీఎంఈలు 50 నుంచి 100 లోపు ఉంటాయి. పై వరుసలో సాటాకూ నాలుగో తరానికీ 12, 13 రెట్ల తేడా, కింది వరుసలో రెండు మూడు రెట్లు.

ఆ కింది వరుసే సర్వస్వం అని కూడా అనుకోకండి. ఇంటెల్ ఆప్టేన్ డ్రైవ్‌లు అక్కడ 200 మెగాబైట్లు దాటేవి, ఇప్పటికీ మామూలు ఎస్‌ఎస్‌డీలు వాటి దరిదాపులకు రావు. అయినా వాటి మీద ఆటలు కొద్ది సెకన్లు ముందు తెరుచుకున్నాయే తప్ప వేరే లోకం కనిపించలేదు. 2022లో ఇంటెల్ ఆ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. నేను చాలా ఇష్టపడిన పరికరం అది, ఇప్పటికీ బెంగగానే ఉంటుంది.

పార్క్‌లేన్_మెకానిక్

కొనేముందు ఒక్కటి గుర్తుంచుకోండి. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. అదే ఆకారంలో సాటా డ్రైవ్‌లు కూడా అమ్ముతారు, చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. సాటా రకానికి చివర రెండు గాట్లు ఉంటాయి, మామూలుగా ఎన్‌వీఎంఈకి ఒకటే గాటు. కొన్ని ఎన్‌వీఎంఈలకు కూడా రెండు గాట్లు ఉంటాయి కాబట్టి గాట్లతో సరిపెట్టుకోకుండా పెట్టె మీద ఎన్‌వీఎంఈ అని రాసి ఉందో లేదో చదవండి. బిగించేటప్పుడు చిన్న మర మర్చిపోకండి, అది లేకుండా డ్రైవ్ గాలిలో లేచి ఉన్న కంప్యూటర్లు నా దగ్గరకు వస్తుంటాయి.

డ్రైవ్‌ను అంచుదాకా నింపవద్దు. చవక రకాల్లో రాతలకు వాడే వేగవంతమైన భాగం ఖాళీ చోటు నుంచే వస్తుంది, నిండేకొద్దీ అది కుంచించుకుపోతుంది. ఆట ఆడేటప్పుడు అంతగా తెలియదు, 100 జీబీ ఆటను దించుకునేటప్పుడు తెలుస్తుంది.

కృష్ణలంక_విద్యార్థి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మొన్న పాత స్టిక్కుకు జోడీగా అదే వేగం గల 8 జీబీ స్టిక్కు కొన్నాను, మిగిలిన డబ్బుతో 1 టీబీ మూడో తరం ఎన్‌వీఎంఈ తీసుకున్నాను. రెండూ కలిపినా దుకాణంలో చెప్పిన ఆ ఒక్క డ్రైవ్ ధర కంటే తక్కువే అయింది.

ముందు ర్యామ్ వేసి కొలిచాను. జనం రద్దీ ఉన్న మార్కెట్ దగ్గర తడబాట్లు పోయాయి, ఒక శాతం కనిష్ఠం స్పష్టంగా పెరిగింది, సగటు కూడా కొంచెం పెరిగింది. తరవాత ఆటను సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మార్చి అదే దారిలో మూడుసార్లు వెళ్లాను. రెండు రోజుల కొలతలను పక్కపక్కన పెట్టి, ఏది ఏ డ్రైవ్‌దో చెప్పమని మా రూమ్మేట్‌కు ఇస్తే చెప్పలేకపోయాడు.

ఒక్క సందేహం మిగిలింది. నిన్న దించుకున్న ఒక కొత్త ఆట కొత్త డ్రైవ్ మీదే ఉన్నా మొదటి పది నిమిషాలు తడబడింది, తరవాత సర్దుకుంది. ఇది డ్రైవ్ వల్లనా?

ఓరుగల్లు_ప్రోగ్రామర్

కాదు. దానికి కారణం షేడర్లు, అంటే వెలుగునీడలూ రంగులూ ఎలా గీయాలో కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములు, మీ గ్రాఫిక్స్ కార్డు కోసం ప్రాసెసర్ వాటిని మొదటిసారి సిద్ధం చేస్తోంది. అదే చోటికి రెండోసారి వెళ్లినప్పుడు తడబాటు లేకపోతే అది షేడర్ల పనేనని దాదాపు నిర్ధారించుకోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో ఈసారి డిస్క్ గీత కింద పడుకుని ఉంటుంది, ప్రాసెసర్ కోర్లు పైకి లేచి ఉంటాయి, చూసి చెప్పండి.

కృష్ణలంక_విద్యార్థి

చూశాను. డిస్క్ 3 శాతం, ప్రాసెసర్ కోర్లు అన్నీ 90 పైనే ఉన్నాయి.